ఏఐ కోర్సు, తర్లువాడ స్థలం, వీఆర్‌ఎస్ సొమ్ము

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక దగ్గర కూర్మన్నపాలెం. మా వారు స్టీల్‌ప్లాంటులో, గోదావరి బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి 57వ ఏట వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నారు. సొమ్ము చేతికి వచ్చి నెల దాటింది. మా అబ్బాయి 2024లో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తిచేశాడు, ఇంతవరకు ఉద్యోగం లేదు. ద్వారకానగర్‌లో ఒక సంస్థవారు 6 నెలల ఏఐ కోర్సుకు 2,80,000 రూపాయలు అడుగుతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నెలాఖరులోగా చేరితే 40,000 తగ్గిస్తామని, మిగిలినదానికి తామే లోను ఇప్పిస్తామని చెబుతున్నారు. మావాడేమో ఇక కోడింగ్ నేర్చుకోవడం దండగ, అంతా ఏఐయే రాసేస్తుంది, ఇప్పుడు దీన్ని అందుకోకపోతే నా బతుకు ఇంతే అంటున్నాడు. మరోవైపు మా అన్నయ్య, గూగుల్ వస్తోంది కనుక తర్లువాడ వైపు 200 గజాల స్థలం కొని పడేయమని రోజూ ఫోను చేస్తున్నాడు. మా వారు ఏమీ మాట్లాడరు. టీవీలో ఒకరు ప్రపంచమే మారిపోతోందంటారు, ఇంకొకరు ఇదంతా పేలిపోయే బుడగ అంటారు. ఎవరి మాట నమ్మాలి?
— ఒక పాఠకురాలు, కూర్మన్నపాలెం

సమాధానం: అమ్మా, టీవీలో వాదించుకుంటున్న ఆ ఇద్దరి తగవు తీర్చవలసిన అవసరం మీకు లేదు. ప్రపంచం మారుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న. మీ వారి ముప్పై ఏళ్ల కష్టార్జితంలో నుంచి కొంత తీసి ఫలానా సంస్థకో, ఫలానా స్థలానికో ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి ఔనని జవాబు వచ్చినంత మాత్రాన రెండోదానికి కూడా ఔనని రాదు. మీ ఇంటికి వచ్చి, లేదా ఫోను చేసి, ఈ రెండింటినీ కలిపి ఒకే ముడి వేస్తున్నవారి పనంతా ఆ ముడిలోనే ఉంది. ఆ ముడి విప్పడానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే: ఇప్పుడు మీకు చెబుతున్న మాట రేపు తప్పితే నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో కనుక్కోవడం. కోర్సు విషయంలోనూ, స్థలం విషయంలోనూ, చివరికి ఏఐని నడిపే కంప్యూటర్లను వేలల్లో పేర్చి ఉంచే, వేల కోట్ల డాలర్ల డేటా సెంటర్ల విషయంలోనూ నేను ఈ ఒక్క ప్రశ్ననే పట్టుకుని నడుస్తాను.

ముందుగా ఆ యంత్రం సంగతి. ఏఐ అని అందరూ పిలుస్తున్నది ఉత్త మాయ అని నేను చెప్పను, ఎందుకంటే అది అబద్ధమవుతుంది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన నాటి నుంచి ఇటువంటి పరికరాలను నేను నిత్యం వాడుతున్నాను. అర్జీ చిత్తుప్రతి రాయడానికి, పొడుగాటి పత్రంలోని సారాంశం తీయడానికి, ఒక భాషలోని ప్రోగ్రాంను మరొక భాషలోకి మార్చడానికి అవి నిజంగానే ఉపయోగపడతాయి. అయితే అవి పనిచేసే తీరు తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మవచ్చో మీకే అర్థమవుతుంది. మీరు అష్టావధానం చూసే ఉంటారు. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, అవధాని మిగిలిన పాదాలు పూరిస్తాడు. గణాలు తప్పకూడదు, యతిప్రాసలు కుదరాలి, అర్థం పొసగాలి. చెప్పిన సంగతి లోకంలో జరిగి ఉండాలన్న నియమం మాత్రం లేదు. ఈ యంత్రాలు చేసేది కూడా అటువంటి పూరణమే. మనిషి రాసిన అపారమైన రాతలను చదివి, ఇచ్చిన మాట తర్వాత ఏ మాట వస్తే పొసగుతుందో లెక్కగట్టి, ఒక్కొక్క ముక్కే పేరుస్తూ పోతాయి. పొసగిన మాట నిజం కూడా అయితే మన అదృష్టం. అవధానికి తాను కల్పిస్తున్నానన్న ఎరుక ఉంటుంది, యంత్రానికి ఆ ఎరుక లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను కోర్టుకు సమర్పించిన పత్రంలో ఉదాహరించారు, తీరా చూస్తే అటువంటి కేసులే లేవు. కోర్టు వారికి 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ కల్పిత తీర్పులకు పేర్లు, సంఖ్యలు, తేదీలు అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయని గమనించండి. ఛందస్సు ఎక్కడా తప్పలేదు.

మీ అబ్బాయి అంటున్న రెండు మాటల్లో ఒకటి, అంటే కోడింగ్ ఇక దండగ అన్నది, ఈ విషయం తెలియకపోవడం వల్ల వచ్చింది. యంత్రం ప్రోగ్రాం రాస్తుంది, వేగంగా రాస్తుంది, చాలాసార్లు సరిగ్గానే రాస్తుంది. ఎప్పుడు తప్పు రాసిందో కనిపెట్టగలిగేది ప్రోగ్రాం రాయడం తెలిసిన మనిషే. 2025 జూలైలో మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. తమ తమ ప్రాజెక్టుల్లో ఏళ్ల అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్లకు కొన్ని పనులు ఏఐ సాయంతోనూ, కొన్ని అది లేకుండానూ చేయమని ఇచ్చి కొలిస్తే, ఏఐ వాడినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అంతకంటె విశేషం ఏమిటంటే, పని ముగిశాక కూడా వారు తాము 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు. పదహారు మందితో లోకమంతటికీ తీర్పు చెప్పకూడదు, పరికరాలు కూడా అప్పటి నుంచి మారుతూనే ఉన్నాయి. అయినా, వాడుతున్నవారికి కలిగే అనుభూతికీ గడియారం చెప్పే లెక్కకూ అంత తేడా ఉండవచ్చునన్న సంగతి, ఈ రంగంలో వినబడే ప్రతి గొప్ప మాట ముందు గుర్తు తెచ్చుకోదగినది.

జోస్యాల సంగతి కూడా చెప్పాలి. ఈ రంగానికి పితామహుల్లో ఒకరైన జెఫ్రీ హింటన్, 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నవారు, 2016లో ఒక సభలో మాట్లాడుతూ, ఎక్స్‌రేలు, స్కానులు చదివే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని, ఐదేళ్లలో వారికంటే యంత్రమే మెరుగ్గా చదువుతుందని అన్నారు. ఆ ఐదేళ్లూ, ఆ తర్వాత మరికొన్నేళ్లూ గడిచాయి. రేడియాలజిస్టుల కొరత మాత్రం అమెరికాలో సైతం తీరలేదు. స్వీడన్‌కు చెందిన క్లార్నా అనే చెల్లింపుల సంస్థ 2024 ఫిబ్రవరిలో తమ ఏఐ సహాయకుడు 700 మంది చేసే పని చేస్తున్నాడని ప్రకటించింది. ఏడాది తిరిగాక, వినియోగదారులతో మాట్లాడటానికి మళ్లీ మనుషులను తీసుకుంటున్నట్టు దాని అధిపతే చెప్పారు. మొదటి ప్రకటన పతాక శీర్షికలకు ఎక్కింది, రెండోది లోపలి పేజీల్లో మిగిలిపోయింది. మీ అబ్బాయి ఫోనులోకి మొదటిదే వచ్చి ఉంటుంది.

మరి మీవాడికి ఉద్యోగం ఎందుకు రాలేదు? దీనికి ఏఐ ఒక్కటే కారణమని అనుకుంటే పొరపాటు. కరోనా తర్వాత 2021-22లో పెద్ద ఐటీ కంపెనీలు ఎడాపెడా మనుషులను చేర్చుకున్నాయి. టీసీఎస్ ఒక్కటే ఆ ఆర్థిక సంవత్సరంలో లక్షమంది కొత్త పట్టభద్రులను తీసుకుంది. ఆ తర్వాత అమెరికాలో వడ్డీలు పెరిగాయి, అక్కడి ఖాతాదారులు ఖర్చులు బిగించుకున్నారు. అవసరానికి మించి చేర్చుకున్నవారికే పని చూపలేకపోతున్నప్పుడు కొత్తవారిని ఎవరు పిలుస్తారు? అదే టీసీఎస్ 2025 జూలైలో 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామన్నప్పుడు, ఇది ఏఐ వల్ల కాదని, నైపుణ్యాలు అవసరాలకు సరిపడకపోవడం వల్లనని సంస్థ అధిపతే చెప్పారు. ఆ మాటలో ఎంత నిజమో ఎవరికి వారు అంచనా వేసుకోవచ్చు. ఏఐ పేరు చెప్పి మనుషులను తీసేసే కంపెనీలు ఉన్నట్టే, ఏఐ పేరు ఎత్తకుండా తీసేసేవి కూడా ఉంటాయి. నాకు తోచినంతలో, కళాశాలకు వచ్చి వందలమందిని ఒకే రోజు ఎంచుకుని వెళ్లిన ఆ రోజులు మళ్లీ రావడం కష్టమే. కొత్తగా చేరినవారికి అప్పగించే చిల్లర పనులే యంత్రం సులువుగా చేసేవి కనుక, ఆ మొదటి మెట్టు నిజంగానే అరిగిపోతోంది. ఈ విషయంలో మీ అబ్బాయి భయం అకారణం కాదు. భయం నిజమైనదే కావచ్చు, దానికి అమ్ముతున్న మందు నిజమైనదా అన్నదే చూడాలి.

ఆ మందు అమ్మేవారిని నేను ఇంతకుముందు కూడా చూశాను. 1999లో హైదరాబాదులో అమీర్‌పేటలో ఈ-కామర్స్ అనే కోర్సుకు 22,000 రూపాయలు కట్టి చేరినవారిలో నేనూ ఉన్నాను. అప్పటికి వై2కే (2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీని తప్పు చదువుతాయన్న సమస్య) పేరుతో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అనే పాత పరిజ్ఞానాలు నేర్పి విమానాలెక్కించిన కాలం ముగింపుకు వచ్చింది, ఇంటర్నెట్ కాలం మొదలైంది. అమెరికాలో టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 2000 మార్చి 10న 5,048 దగ్గర శిఖరానికి చేరి, 2002 అక్టోబరు నాటికి 1,114కు జారింది. మళ్లీ ఆ ఎత్తును అందుకోవడానికి దానికి 2015 వచ్చింది. మా సంస్థ ఆ శిఖరానికీ ఆ లోయకూ మధ్యలో, 2001 వేసవిలో, బోర్డు మార్చి మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ (డాక్టర్లు చెప్పినదాన్ని విని టైపు చేసే పని) నేర్పడం మొదలుపెట్టింది. మా కోర్సులో మిగిలిన రెండు భాగాల గురించి అడిగితే, అదే రుసుముకు కొత్త కోర్సులో కూర్చోమన్నారు. ఇంటర్నెట్ అబద్ధమని ఆ రోజుల్లో ఎవరైనా అని ఉంటే వారు ఎంత తప్పో ఇప్పుడు మనందరికీ తెలుసు. ఇంటర్నెట్ నిజమైంది, నా 22,000 రూపాయలు మాత్రం తిరిగి రాలేదు. బుడగ అన్నవారు, విప్లవం అన్నవారు ఇద్దరూ గెలిచారు. మధ్యలో రుసుము కట్టినవాడికి రశీదు మిగిలింది.

ఇప్పటి ఏఐ వ్యాపారంలోని డబ్బు లెక్క కూడా కొంచెం చూడండి, ఎందుకంటే ద్వారకానగర్ బోర్డుకు వెలుగు అక్కడి నుంచే వస్తోంది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2025 నవంబరులో స్వయంగా చెప్పిన లెక్క ఇది: సంవత్సరాంతానికి తమ రాబడి ఏడాదికి 2,000 కోట్ల డాలర్ల స్థాయిని దాటుతుందని, రాబోయే 8 ఏళ్లకు తాము ఒప్పుకున్న ఖర్చు సుమారు 1,40,000 కోట్ల డాలర్లని. ఈ సున్నాలు మనకు అందవు కనుక ఇంటి లెక్కలోకి దించుకుందాం. ఏడాదికి 2 లక్షలు సంపాదించే కుటుంబం, 8 ఏళ్లలో 1 కోటి 40 లక్షలు ఖర్చు పెడతానని ఊరందరితో ఒప్పందాలు చేసుకున్నట్టు అన్నమాట. రాబడి ఏటేటా గంతులేస్తుందని వారి నమ్మకం; గంతులేస్తే బాగానే ఉంటుంది. ఇక చిప్పులు తయారుచేసే ఎన్‌విడియా, తన చిప్పులు కొనే అదే ఓపెన్‌ఏఐలో 10,000 కోట్ల డాలర్ల వరకు పెట్టుబడి పెడతానని 2025 సెప్టెంబరులో ప్రకటించింది. పూర్ణామార్కెట్‌లో ఒక టోకు వ్యాపారి, చిల్లర దుకాణం పెట్టుకునేవాడికి తానే డబ్బు సమకూర్చి, ఆ డబ్బుతో తన దగ్గరే సరుకు కొనిపించి, ఈ ఏడాది అమ్మకాలు బ్రహ్మాండంగా పెరిగాయని చెబితే, మీరు ఆ వృద్ధిని ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారు? మోసమని నేను అనడం లేదు, వ్యాపారంలో ఇటువంటివి ఉంటాయి. చిల్లర దుకాణానికి నిజమైన బేరాలు రావాలి, అంతే. పెట్టుబడిదారులు ఏఐ విషయంలో మితిమీరి ఉత్సాహపడుతున్నారని 2025 ఆగస్టులో అన్నవారు కూడా ఆల్ట్‌మనే. ఆయనే అన్న మాటను మనం అంటే మాత్రం వెనకబడినవారమైపోతాము.

సరే, కోర్సు సంగతికి వద్దాం. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మని అడగండి. ఏ జీతానికి తక్కువ కాకుండా, ఎన్ని నెలల్లో, ఇవ్వలేకపోతే ఎన్ని రోజుల్లో ఎంత సొమ్ము వాపసు చేస్తారో అందులో ఉండాలి. ఉద్యోగ భద్రతకు, ఎంపికకు హామీ ఇస్తూ కోచింగ్ సంస్థలు ప్రకటనలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న మార్గదర్శకాలు జారీ చేసింది; ఆ సంగతి వారికి తెలిసే ఉంటుంది, మీకు తెలుసని మాత్రం వారికి తెలియదు. ఫిర్యాదు చేయవలసి వస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

లోను దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. సంస్థవారు ఇప్పిస్తామంటున్న ఆ అప్పు సంస్థది కాదు, మరెక్కడో ఉన్న ఒక ఫైనాన్స్ కంపెనీది. కంపెనీ ఆ సొమ్మును కోర్సు నడిపేవారికి ఒకేసారి కట్టేస్తుంది, మీవాడు కంపెనీకి నెలనెలా వాయిదాలు కడతాడు. కోర్సు మూడో నెలలో ఆగిపోయినా, పాఠం చెప్పేవారు మారిపోయినా, వాయిదా ఆగదు. అంటే మాట తప్పితే నష్టం ఎవరిదన్న మన ప్రశ్నకు జవాబు ఆ కాగితంలోనే ఉంది: సంస్థవారికి సొమ్ము ముందే ముట్టింది, ఫైనాన్స్ కంపెనీకి మీవాడి సంతకం ఉంది, మిగిలింది మీరే. బైజూస్ అనే చదువుల కంపెనీ 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికింది, 2024 జూలై నాటికి దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎంత పెద్ద పేరైనా కోర్సు ముగిసేదాకా నిలబడి ఉంటుందన్న పూచీ లేదనడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఒకవేళ ఇప్పటికే తొందరపడి ఫోనులో ఏదైనా అంగీకరించి ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ రుణాలకు కనీసం ఒక రోజు పునరాలోచన గడువు ఉంటుంది. ఆ గడువులో అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడవచ్చు. రుణం ముఖ్యాంశాల పత్రం అడిగి తీసుకోవడం మీ హక్కు, అందులో మొత్తం వడ్డీ భారం ఒకే శాతంగా రాసి ఉంటుంది.

నన్నడిగితే ఆ కోర్సు వద్దు. మీవాడికి కొరవడింది ఏఐ కాదని నా అనుమానం, అది అతని ఫోనులోనే ఉంది. డేటా స్ట్రక్చర్లు, డేటాబేసులు, నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు అనే నాలుగు పాఠ్యాంశాలు బీటెక్‌లో పరీక్ష గట్టెక్కడానికి చదివి వదిలేసినవి, ఇప్పుడు అర్థం చేసుకోవడానికి చదవాలి. ఐఐటీల అధ్యాపకులు చెప్పిన ఆ పాఠాలన్నీ ఎన్‌పీటెల్, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికల్లో ఉచితంగా ఉన్నాయి. ధ్రువపత్రం కావాలంటేనే పరీక్షకు కొద్దిపాటి రుసుము. దానితోపాటు ఒక చిన్న పని చేయమనండి. మీ వీధిలోని కిరాణా దుకాణంలో అరువు ఖాతా చేతితో రాసేవారు ఇంకా ఉండే ఉంటారు. దుకాణదారు తెలుగులో చెబితే విని, ఎవరికి ఎంత బాకీయో రాసిపెట్టే ప్రోగ్రాం ఒకటి, ఏఐ సాయం ఎంత కావాలంటే అంత తీసుకుని, తయారుచేయమనండి. తర్వాత ఒక నెలపాటు ఆ ప్రోగ్రాం రాసినదాన్ని చేతి ఖాతాతో రోజూ సరిపోల్చమనండి. 'నూటపాతిక', 'ముప్పావు కిలో', 'మొన్నటి రెండున్నర వందల్లో యాభై తీసేయ్' అన్న మాటలను యంత్రం ఎలా రాసుకుంటుందో, నూటికి ఎన్నిసార్లు తప్పుతుందో, ఏ రకం మాటల దగ్గర తప్పుతుందో, తాను దాన్ని ఎలా సరిచేశాడో ఒక పుస్తకంలో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో ఆ పుస్తకం గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే, 2,80,000 రూపాయల ధ్రువపత్రం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. ఇది కూడా గ్యారంటీ కాదు. మాట తప్పితే నష్టం నాలుగైదు నెలల శ్రమ మాత్రమే, ఆ శ్రమలో నేర్చినదీ పోదు.

ఇక మీ అన్నయ్యగారి స్థలం. గూగుల్ 2025 అక్టోబరు 14న విశాఖలో ఏఐ హబ్, అంటే ప్రధానంగా ఒక భారీ డేటా సెంటరు, పెడతానని, 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తానని ప్రకటించిన మాట నిజం, అందులో తర్లువాడ పేరు వినబడిన మాటా నిజం. ప్రకటనకూ పూర్తికావడానికీ మధ్య దూరం మాత్రం ఈ జిల్లావాసులకు నేను చెప్పనక్కరలేదు. అదానీ డేటా సెంటరుకు, భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేస్తే, 2023 మే 3న మరొక ముఖ్యమంత్రి ఆ రెండింటికీ మళ్లీ చేశారు. విమానాశ్రయం పనులు ఆ తర్వాత నిజంగానే సాగాయి కాబట్టి శిలాఫలకాలను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఫలకం మీద ఉండేది మొదలుపెట్టిన తేదీ మాత్రమే, మీ సొమ్ముకు కావలసింది రెండో తేదీ, అంటే పూర్తయ్యే తేదీ. 2017 ప్రాంతంలో ఇదే నగరంలో ఫిన్‌టెక్ వ్యాలీ (ఆర్థిక సేవల టెక్నాలజీ కంపెనీల కేంద్రం), బ్లాక్‌చెయిన్ (చెరపలేని డిజిటల్ ఖాతా పద్ధతి) అన్న మాటలు ఎంత గట్టిగా మోగాయో రుషికొండ, మధురవాడ వైపు తిరిగినవారికి గుర్తుండే ఉంటుంది.

డేటా సెంటరు పూర్తిగా వచ్చిందనే అనుకుందాం. స్టీల్‌ప్లాంటు వచ్చినప్పుడు ఉక్కునగరం వచ్చింది, బడులు వచ్చాయి, కూర్మన్నపాలెం కూడలి వచ్చింది, ఎందుకంటే దాన్ని నడపడానికి వేలమంది మనుషులు కావాలి, వారికి ఇళ్లు కావాలి. డేటా సెంటరు కట్టేటప్పుడు వేలమందికి పని దొరుకుతుంది. కట్టాక దాన్ని నడపడానికి వందల్లో మనుషులు చాలు. దానికి ఎక్కువగా కావలసినవి కరెంటు, చల్లదనం. అటువంటి డేటా సెంటరుకు ఒక గిగావాట్, అంటే 1,000 మెగావాట్ల, సామర్థ్యమంటే పరవాడ దగ్గర ఉన్న 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రంలో సగం. ఐర్లండ్‌లో 2023లో దేశం మొత్తం మీద మీటర్లలో నమోదైన విద్యుత్తులో 21 శాతం డేటా సెంటర్లకే పోయింది. ఆ భారం, వేసవిలో మన రిజర్వాయర్లలో నీటి మట్టం, ఇవన్నీ ఊరు ఊరంతా అడగవలసిన ప్రశ్నలు. మీ 200 గజాల ప్రశ్న వరకు మాత్రం, మనుషులు గుంపుగా వచ్చి చేరని చోట ఇళ్ల స్థలాలకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తుందన్నదే చాలు. ఒకవేళ వచ్చినా, గూగుల్ పేరు ఇప్పటికే ధరలో కలిపి అమ్ముతున్నారు. మీ అన్నయ్యగారిని నొప్పించకుండా ఆ స్థలం సర్వే నంబరు అడగండి. అది 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో, ప్రభుత్వం పేదలకు పంచిన డీ-పట్టా భూమేమో, లేఅవుటుకు విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉందో లేదో చూసి, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఈసీ (ఆ స్థలం మీద నమోదైన లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం) తీయించే దాకా ఒక్క రూపాయి బయానా కూడా ఇవ్వవద్దు. సర్వే నంబరు చెప్పడానికి బేరగాడు తటపటాయిస్తే మిగిలిన కాగితాల కోసం తిరగనక్కరలేదు.

అందరూ మీకు గడువులు పెడుతున్నారు కదా, నిజమైన గడువు ఒకటి ఉంది, దాని గురించి మీకు ఎవరూ ఫోను చేసినట్టు లేదు. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో మామూలుగా 60 ఏళ్లు నిండినవారే చేరాలి. 55 దాటి 60 లోపు వీఆర్‌ఎస్ తీసుకున్నవారికి మాత్రం, విరమణ సొమ్ము అందిన 3 నెలల లోపు చేరే వెసులుబాటు ఉంది. పరిమితి 30 లక్షలు, కాలం 5 ఏళ్లు, ప్రస్తుతం వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకొకసారి చేతికి ఇస్తారు. 30 లక్షలకు ప్రతి మూడు నెలలకు 61,500 రూపాయలు వస్తుంది. దాని మీద ఆదాయపు పన్ను వర్తించవచ్చు. ఇది ఎవరినీ కోటీశ్వరులను చేయదు, ఇంట్లో పొయ్యి మాత్రం వెలుగుతూ ఉంటుంది. మీకు ఇప్పటికే నెల దాటింది కాబట్టి ఆలస్యం చేయకండి.

చివరగా, మాట్లాడని మీ వారి గురించి. మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం అదే. డేటా సెంటరు నిజానికి సాఫ్ట్‌వేరు కార్యాలయం కంటే ప్లాంటుకే దగ్గర బంధువు: లోపల ట్రాన్స్‌ఫార్మర్లు, డీజిల్ జనరేటర్లు, చల్లని నీటి గొట్టాలు, సెన్సర్లు, అలారములు ఉంటాయి. అది వచ్చిన రోజున దాన్ని నడిపించే పని, మీ అబ్బాయి చేరబోయే కోర్సు కంటే మీ వారి వృత్తికే ఎక్కువ దగ్గర. ఏఐ చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్నకు కూడా మీ ఇంట్లో నాకంటే తగిన మనిషి ఆయనే. కంట్రోల్ రూములో ముల్లు ఒకటి చూపిస్తూ ఉండగా ఫర్నేసు దగ్గర మరొకటి జరుగుతున్న రాత్రులు ఆ ముప్పై ఏళ్లలో ఆయన ఎన్నో చూసి ఉంటారు. ఏ మీటరు అబద్ధం చెబుతోందో ఆయనకు ఎలా తెలిసిందో, దేనితో సరిచూసేవారో, అలవాటుగా నమ్మి ఊరుకుంటే ఏమయ్యేదో, ఒక సాయంత్రం మీవాడిని పక్కన కూర్చోబెట్టి అడిగించండి. సలహా చెప్పమంటే ఆయన మాట్లాడకపోవచ్చు, గోదావరి ఫర్నేసు గురించి చెప్పమంటే మాట్లాడతారు.

ఆ పొదుపు పథకంలో చేరడానికి పోస్టాఫీసుకు వెళ్లేటప్పుడు వీఆర్‌ఎస్ ఉత్తర్వు నకలు, సొమ్ము జమ అయిన తేదీ కనబడే పాస్‌బుక్కు పట్టుకెళ్లండి.